అల్పప్రాణమా, మహాప్రాణమా?



శీర్షిక చూసి మాస్టారు మళ్ళీ వర్ణమాల పాఠానికి దిగారనుకుంటారేమో. కాదు. ఈసారి నేను వ్రాయబోయేది ఒక కారు ఇంజను గురించి. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకుని, 2019లో పదవీ విరమణ చేసి, సైకిలు తప్ప వేరే వాహనం నడపడం చేతకాని నావంటి తెలుగు పండితుడికి ఇంజనుతో ఏమి పని అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆ ప్రశ్నకు జవాబు చివరికి గానీ రాదు. అందాకా ఓపిక పట్టండి.

2024 వేసవిలో నేనూ, మా శ్రీమతీ అమెరికా వెళ్ళి మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాము. డాలస్ నగరానికి ఉత్తరాన కాలిన్ కౌంటీలో వాడి కాపురం. ఇంటి ముందు రెండు కార్లు. ఒకటి కోడలిది, పిల్లలను బడికి దింపడానికి. రెండవది మా వాడిది. ఎర్రగా, నేలకు ఆనుకుని, పొంచి ఉన్న పిల్లిలా ఉంటుంది. 2009 నాటి మాజ్దా ఆర్ఎక్స్-8. వాడు దాన్ని పాతదిగానే కొన్నాడు.

మాజ్దా అనే మాట మనకు కొత్తది కాదు. స్వరాజ్ మాజ్దా వ్యానులో పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్ళని ఉపాధ్యాయుడు మా తరంలో అరుదు. 2011లో ఆ సంస్థ పేరు మారి మాజ్దా అనే ముక్క పోయింది గానీ, మా ఊళ్ళో ఇప్పటికీ ఆ బండిని పాత పేరుతోనే పిలుస్తారు. జపానులో హిరోషిమాలో 1920లో పుట్టిన మాతృసంస్థకు ఆ పేరు స్థాపకుడైన మత్సుదా జూజిరో ఇంటిపేరు నుంచీ, పారసీకుల దైవమైన అహుర మాజ్దా నుంచీ వచ్చిందని మా వాడు చెప్పాడు. నాకు వెంటనే చెవులు నిక్కబొడుచుకున్నాయి. అహుర అంటే మన అసుర. మాజ్దా అనే అవెస్తా శబ్దానికి మన మేధా శబ్దం తోబుట్టువు. ఆ ఒక్క వ్యుత్పత్తితో ఆ కారు మీద నాకు సగం ప్రేమ పుట్టింది. ముందు నుంచీ ఉన్న సగం ప్రేమ మా వాడిది.

వెళ్ళిన వారంలోనే ఒక సంగతి గమనించాను. రాత్రి భోజనాలయ్యాక వాడు మోటారు గదిలోకి వెళ్ళి కారు ముందు మూత ఎత్తి నిలబడతాడు. ఏమీ చేయడు, చూస్తూ ఉంటాడు. ఒకనాడు నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“ఏమిట్రా చూస్తున్నావు?”

“దీనికి సూపర్‌ఛార్జర్ పెట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను నాన్నగారూ. రెండేళ్ళుగా తేలడం లేదు.”

“ఎంతవుతుంది?”

“అన్నీ కలిపి ఎనిమిది వేల డాలర్లు దాటుతుంది.”

ఆ కారును ఉన్నపళంగా అమ్మితే అంత రాదని వాడే ఒప్పుకున్నాడు. కోడలికి ఇంకా చెప్పలేదన్నాడు. నాకు చెప్పాడంటే, నేను వద్దంటానని తెలిసే చెప్పాడనుకున్నాను. కానీ నేను వద్దనలేదు. ఎందుకంటే అసలు అదేమిటో నాకు తెలియదు. తెలియనిదాన్ని వద్దనడం నేను జీవితంలో ఒకసారి చేశాను. దాని సంగతి తరువాత. “ముందు ఈ ఇంజను ఎట్లా పనిచేస్తుందో చెప్పరా” అన్నాను.

అట్లా గురుశిష్యులం తారుమారయ్యాము.

మామూలు కారు ఇంజనులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. దంచడం లాంటిది. ఈ రోటరీ ఇంజనులో దంపుడు లేదు, రుబ్బుడే. మన పాత ఇళ్ళలోని రుబ్బురోలును తలచుకోండి. గుంటలో పొత్రం గోడను ఒరుసుకుంటూ చుట్టూ తిరుగుతుంది, తనలో తానూ తిరుగుతుంది. ఇక్కడ గుంట గుండ్రంగా కాక, రెండు గింజలున్న వేరుశనగకాయలా నడుము దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. పొత్రం స్థానంలో భుజాలు ఉబ్బిన ఇనుప త్రిభుజం. దాని మూడు కొనలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి. అందువల్ల త్రిభుజానికీ గోడకూ నడుమ మూడు గదులు ఏర్పడతాయి. తిరుగుతున్నకొద్దీ ఒక్కొక్క గదీ పెద్దదై, చిన్నదై, మళ్ళీ పెద్దదవుతుంది. పెద్దదైనప్పుడు గాలినీ పెట్రోలునూ పీలుస్తుంది, చిన్నదైనప్పుడు అదుముతుంది, మంట పుట్టి విస్తరించినప్పుడు ఇరుసును తిప్పుతుంది, చివరకు పొగ వదులుతుంది. ప్రాణాయామంలోని పూరకం, కుంభకం, రేచకం అన్నీ ఉన్నాయి. నడుమ ఒక అగ్నికార్యం అదనం. త్రిభుజం ఒకసారి తిరిగే లోపల ఇరుసు మూడుసార్లు తిరుగుతుంది. ఇరుసు నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరుగుతున్నప్పుడు కూడా త్రిభుజం తిరిగేది మూడు వేలే. ఆ నిదానమే దాని నునుపుకు ఒక కారణం.

దీన్ని ఊహించినవాడు ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మను. 1957లో ఎన్ఎస్‌యూ అనే సంస్థలో తొలి నమూనా తిరిగింది. 1961లో హిరోషిమావారు ఆ సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంజనును తెచ్చుకున్నారు. తీరా తిప్పి చూస్తే లోపలి గోడ నిండా అడ్డగీతలు పడ్డాయి. త్రిభుజం కొనలలో ఉండే సన్నని పట్టీలు గోడను తాకుతూ అదురుతూ గీకేశాయి. ఆ గీతలకు అక్కడివారు దయ్యపు గోళ్ళ గీట్లని పేరు పెట్టారు. యమమోతో కెనిచి అనే ఇంజనీరు నాయకత్వంలో నలభై ఏడుగురు ఆ గీట్ల మీద యుద్ధం చేశారు. జపాను కథలో యజమాని కోసం ప్రాణమిచ్చిన నలభై ఏడుగురు వీరులున్నారు కనుక వీరికీ ఆ పేరే నిలిచింది. అల్యూమినియం చొప్పించిన కర్బనపు పట్టీతో చివరకు దయ్యం వదిలింది. 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ అనే కారు బజారులోకి వచ్చింది. ఆ యమమోతో 1984లో సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 2017లో తొంభై అయిదేళ్ళ వయసులో పోయాడు. ఇవన్నీ మా వాడు మా తాతగారి చరిత్ర చెప్పినట్టు చెప్పాడు. మా తాతగారి చరిత్ర మాత్రం వాడికి ఇంత బాగా తెలియదు.

ఇక అసలు సమస్యకు వద్దాము.

వాడి కారులో రెండు త్రిభుజాలు, మొత్తం 1308 ఘనపు సెంటీమీటర్ల ఇంజను. మన ఊళ్ళో తిరిగే చిన్న కార్ల పరిమాణమే. అయినా దానికి అమెరికాలో ఇచ్చిన లెక్క 232 అశ్వశక్తులు. అయితే ఆ గుర్రాలన్నీ ఎనిమిదిన్నర వేల చుట్ల దగ్గర గానీ కట్టు తెంచుకోవు. కింద, అంటే బజారులో, కూడలిలో, పాఠశాల దగ్గర నడిచేటప్పుడు, ఇంజను ఇంకా నిద్రలోనే ఉంటుంది. పెద్ద రహదారి ఎక్కేటప్పుడు వెనుక నుంచి లారీ అంత పికప్ ట్రక్కు వచ్చి పక్కనుంచి ఇట్టే దాటిపోతుంది. మా వాడి బాధ అదీ.

దీనికి మందు, గాలిని ఎక్కువగా పంపడం. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలితో నడిస్తే దాన్ని ఇంగ్లీషులో నేచురల్లీ ఆస్పిరేటెడ్ అంటారు. ఆ ఆస్పిరేటెడ్ అన్న మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. భాషాశాస్త్రంలో మన ఖ, ఛ, ఠ, థ, ఫలను వర్ణించేదీ ఆ మాటతోనే. క పలికినచోటనే, అంతే ప్రయత్నంతో, ఊపిరిని ఇంకాస్త బలంగా తోస్తే ఖ అవుతుంది. క అల్పప్రాణం, ఖ మహాప్రాణం. స్థానం ఒకటే, గాలిలోనే తేడా. మా వాడు అడుగుతున్నదీ అదే: ఉన్న ఇంజనునే మహాప్రాణం చేయవచ్చునా?

చేయడానికి రెండు దారులు. ఒకటి టర్బో. బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, దానితో గాలిని లోపలికి తోయడం. రెండవది సూపర్‌ఛార్జర్. ఇంజను ఇరుసుకే పట్టా తగిలించి గాలిమరను తిప్పడం. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో హక్కు పొందిన గాలిమరకు మనుమలే నేటి సూపర్‌ఛార్జర్లలో కొన్ని. టర్బోకు పొగ కూడాలి కాబట్టి కాస్త ఆలస్యం. సూపర్‌ఛార్జరుకు ఆ నిరీక్షణ లేదు, కాలు మోపగానే అందుకుంటుంది. మరి దాన్ని తిప్పే శక్తి ఎక్కడిది? ఇంజనుదే. సంపాదించి పెట్టే కొడుకు భోజనం కూడా ఇంటి ఖర్చే కదా.

వీధిలో నడిచే బండికి కింది చుట్లలో బలం కావాలంటే సూపర్‌ఛార్జరే మంచిదని మా వాడి వాదం. వాదంలో పస ఉంది. తరగతి గదిలో నేను రెండు పక్షాలకూ మార్కులిచ్చేవాణ్ణి, ఇక్కడా ఇస్తాను. ఒక ఆదివారం, వాడి మిత్రుడొకడు సూపర్‌ఛార్జరు పెట్టిన ఇటువంటి కారులోనే నన్ను ఎక్కించుకుని తిప్పాడు. మూడు వేల చుట్ల దగ్గరే ఎవరో వెనుక నుంచి అరచేత్తో తోసినట్టుంది. ముందు మూత కింద నుంచి సన్నని ఈల. ఇంటికి వచ్చాక మా శ్రీమతి “ఎలా ఉందండీ?” అంటే “బాగుంది” అన్నాను. అబద్ధం కాదు. నిజంగానే బాగుంది.

అయితే చివరి అధ్యాయం వరకు చదవకుండా పుస్తకం మీద అభిప్రాయం చెప్పడం నాకు అలవాటు లేదు. మరునాడు కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

“గాలి ఎంత అదనంగా తోస్తుందిరా?”

“ఆరు పౌండ్లు.”

వాతావరణపు ఒత్తిడి 14.7 పౌండ్లు. ఆరు కలిపితే 20.7. అంటే నలభై శాతం ఎక్కువ గాలి. పుస్తకం లెక్కన 232 గుర్రాలు 325 కావాలి. కానీ అదిమిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినవాడికి, పంపు అడుగు కాలడం తెలుసు. డాలస్ వేసవిలో 38 డిగ్రీల గాలిని ఆ మేరకు అదిమితే, ఏ నష్టమూ లేని ఆదర్శయంత్రంలో కూడా 70 డిగ్రీలకు దగ్గరవుతుంది. నిజమైన యంత్రంలో ఇంకా ఎక్కువ. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పైగా ప్రమాదం తెస్తుంది. మంట తన వేళకు అంటుకోకుండా పెట్రోలు తనంతట తాను ఒక్కసారిగా పేలుతుంది. మామూలు పిస్టను ఇంజను ఆ దెబ్బలను కొన్నింటిని ఓర్చుకుంటుంది. రోటరీలో త్రిభుజం కొన మీద ఉండే పట్టీ రెండు మిల్లీమీటర్ల మందం. అపెక్స్ సీల్ అంటారు. ఒక్క గట్టి దెబ్బకు అది విరగవచ్చు. విరిగితే ఒక గది కాదు, రెండు గదులు ఊపిరి కోల్పోతాయి. ముక్కలు గోడను చీరుకుంటూ బయటికి పోతాయి.

“మరి ఆ సంస్థవారు ఇటువంటివి చేయలేదా?” అన్నాను.

చేశారు. 1991 చివరలో వచ్చిన మూడవ తరం ఆర్ఎక్స్-7కు రెండు టర్బోలు పెట్టి, అమెరికా లెక్కన 255 గుర్రాలు పుట్టించారు. కానీ దానికోసం లోపల అదుముడు నిష్పత్తిని తొమ్మిదికి తగ్గించారు. గాలి ముందే అదిమి వస్తుంది కనుక, లోపల అదిమేది తగ్గించాలి. మా వాడి ఆర్ఎక్స్-8 ఇంజను సహజశ్వాసకే పుట్టింది. నిష్పత్తి పది. పొగ వెళ్ళే ద్వారాలను కూడా చుట్టుగోడ నుంచి పక్కగోడలకు మార్చి, పీల్చే వేళా వదిలే వేళా కలిసిపోకుండా చేశారు. దానివల్ల కాలుష్యం తగ్గింది, నిలకడ వచ్చింది. 2003లో ఆ ఇంజనుకు ప్రపంచపు ఉత్తమ ఇంజను బహుమతి వచ్చింది. ఇంకొక విశేషం: ఆ సంస్థ బజారులో అమ్మిన రోటరీ కార్లలో అదనపు గాలి పెట్టినవన్నీ టర్బోలే. సూపర్‌ఛార్జరు పెట్టింది ఒక్కటీ లేదు. తరువాతివారు బయట నుంచి తగిలించినవే.

ఇక్కడ నాకు వ్యాకరణ పాఠం గుర్తుకు వచ్చింది. సంధికార్యంలో ఒక వర్ణం కొత్తగా వచ్చి చేరితే ఆగమం, ఉన్నదాన్ని తోసి కూర్చుంటే ఆదేశం. ఆగమం మిత్రునివంటిది, ఆదేశం శత్రువువంటిది అని మా గురువులు చెప్పేవారు. సూపర్‌ఛార్జరు పైకి ఆగమంలాగే కనబడుతుంది. పక్కన ఒక మర, ఒక పట్టా, నాలుగు గొట్టాలు, అంతే కదా అనిపిస్తుంది. కానీ మా వాడి జాబితా చదివితే ఏమున్నది? గాలిని చల్లార్చే పరికరం కొత్తది. పెట్రోలు చిమ్మే సూదులు కొత్తవి. ఇంజనును ఏలే కంప్యూటరులో లెక్కలన్నీ తిరగవ్రాయాలి. నూనెను చల్లార్చే ఏర్పాటు పెంచాలి. క్లచ్ మార్చవలసి రావచ్చు. ఆ కౌంటీలో ఏటా జరిగే పొగ పరీక్షలో నెగ్గాలి. మిత్రునిలా వచ్చి చేరినవాడు ఒక్కొక్కరినే ఇంట్లోంచి పంపి తానే మిగిలే లక్షణం కనిపించింది. అది ఆగమం వేషంలో వచ్చిన ఆదేశం.

ఈ మాట చెబితే మా వాడు చాలాసేపు నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, “అయినా నాన్నగారూ, లోపలి సంగతి తెలియకుండా ఏదీ చెప్పలేము. కంప్రెషన్ కొలిపించాలి” అన్నాడు.

ఊరి చివర ఒక చిన్న షెడ్డులో రోటరీలు మాత్రమే బాగుచేసే ముసలాయన ఉన్నాడు. నా వయసు వాడే. మాటలు తక్కువ. ఈ ఇంజనుకు మామూలు కొలత సరిపోదు. ఒక్కొక్క త్రిభుజానికి మూడు ముఖాల లెక్కను విడివిడిగా చూపే పరికరం కావాలి. ఇంజనును వేడెక్కించి, మంట రాకుండా చేసి, స్టార్టరుతో తిప్పుతూ కొలిచాడు. చీటీ మీద ఆరు అంకెలు వ్రాసి ఇచ్చాడు. ముందు త్రిభుజానికి 7.6, 7.5, 7.6. వెనుక దానికి 7.2, 7.1, 7.3.

కొత్తలో ఉండవలసినది 8.5. కనీసం ఉండవలసినది 6.9.

మిత్రులారా, ముప్పై ఏళ్ళకు పైగా నేను దిద్దినవన్నీ ఇటువంటి చీటీలే. ముప్పై అయిదు వస్తే పాసు అయిన పరీక్షలో ముప్పై ఏడు తెచ్చుకున్న పిల్లవాడి చీటీ అది. తప్పలేదు. బాగానే నడుస్తున్నాడు. రోజూ బడికి వస్తున్నాడు. ఆ పిల్లవాడి మీద ఇప్పుడు నలభై శాతం బరువు అదనంగా పెట్టవచ్చునా?

ముసలాయనను మా వాడు ఆ ప్రశ్నే అడిగాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ చెప్పిన మాటల సారం ఇది: ముందు ఇంజను విప్పి కొత్త పట్టీలతో కట్టుకుని, ఆ తరువాత పెట్టుకుంటే కొంతకాలం సుఖపడతావు. దీని మీద పెడితే నీ అదృష్టం. ఏమీ పెట్టకుండా నూనె సరిగా పోస్తూ, వారానికి ఒకసారైనా పైదాకా తిప్పితే ఇది ఇంకా చాలా దూరం వస్తుంది.

నూనె సంగతి చెప్పాలి. ఈ ఇంజను తన పట్టీలు అరగకుండా కాస్త నూనెను తానే లోపలికి చిమ్ముకుని కాల్చుకుంటుంది. అది రోగం కాదు, స్వభావం. గుడిలో అఖండదీపానికి పోసినట్టు చూసి చూసి పోస్తూ ఉండాలి. మరచిపోతే దీపం కొండెక్కుతుంది.

తిరుగుదారిలో వాడు మాట్లాడలేదు. నేను మాత్రం ఇరవై ఏళ్ళ వెనక్కి పోయాను.

పైన “తరువాత” అని దాటేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. మా వాడు పదవ తరగతి వరకు నేను పనిచేసిన బడిలోనే చదివాడు. మంచి మార్కులే, మొదటి ర్యాంకు కాదు. సాయంత్రాలు ఊళ్ళో మెకానిక్కు కొట్టు దగ్గర నిలబడి స్కూటర్లు విప్పడం చూసేవాడు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదువుతానన్నాడు. అదేమిటో తెలుసుకోకుండానే వద్దన్నాను. 2005లో విజయవాడ దగ్గర ఒక వసతి కళాశాలలో చేర్పించాను. తెల్లవారుజామున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా చదువు. వారం వారం పరీక్షలు, గోడల మీద ర్యాంకులు. నలుగురూ పంపుతున్నారు, నేనూ పంపాను. ఆ తప్పు ఆ కళాశాలది అనను. అక్కడికి పంపినవాణ్ణి నేను.

రెండవ సంవత్సరంలో, 2006 నవంబరులో, ఒక రాత్రి పదకొండున్నరకు తలుపు చప్పుడయింది. తీస్తే మా వాడు. ఒళ్ళు కాలిపోతున్నది. చేతిలో సంచి కూడా లేదు. “ఊపిరి ఆడడం లేదు నాన్నగారూ అక్కడ” అన్నాడు. అదే మాట. వాళ్ళమ్మ రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. తెల్లవారేసరికి జ్వరం కాస్త తగ్గింది. నేను వాడిని మొదటి బస్సులోనే తిరిగి తీసుకువెళ్ళి దింపి వచ్చాను. దారి పొడవునా కష్టపడితేనే పైకి వస్తారని పెద్దల కథలు చెప్పాను. వాడు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వాడు పాసయ్యాడు. ఇంజనీరింగు చదివాడు. 2011లో అమెరికా వచ్చాడు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. ఈ ఫలితం చూసి నేను చేసింది సరేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఊళ్ళో నలుగురికీ అదే సలహా ఇచ్చాను కూడా. సలహా పాటించిన ఇళ్ళలో ఒకరిద్దరు పిల్లలు చదువే మానేశారు. అది తలచుకోను. ఈ ఆరు అంకెల చీటీ చూసినప్పుడు తలచుకోక తప్పలేదు. ఎవరి లోపలి బలమెంతో కొలవకుండానే నేను అందరికీ అదనపు గాలి పంపాను. ఎక్కువమంది తట్టుకున్నారు. తట్టుకున్నారు కనుక పద్ధతి మంచిదని తీర్మానించాను. ఎంత తప్పుడు తర్కం!

అదనపు గాలి పాపమని నేననను. దానికని కట్టిన ఇంజను ఉంటుంది. లోపల అదుముడు తగ్గించి, గట్టి పట్టీలు వేసి, చల్లదనం ఏర్పాటు చేసి పెడితే అది వీధుల్లో చక్కగా నడుస్తుంది. శిక్షణ కోసం తపించే పిల్లలూ ఉంటారు. వాళ్ళకు అది ఆగమమే, మిత్రుడే. అట్లాగే సహజశ్వాస అంటే గాలికి వదిలేయడమూ కాదు. 1991 జూనులో ఫ్రాన్సులోని ల మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో ఈ సంస్థ కారే గెలిచింది. జపాను సంస్థ ఒకటి ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. దాని ఇంజనులో నాలుగు త్రిభుజాలు, దాదాపు 700 అశ్వశక్తులు. టర్బో లేదు, సూపర్‌ఛార్జరు లేదు. మరి ఏమున్నది? గాలి పీల్చే గొట్టాల పొడవు వేగాన్ని బట్టి పెరిగేటట్టు, తగ్గేటట్టు అమర్చారు. పిల్లనగ్రోవిలో రంధ్రాలు మూసీ తెరిచీ స్వరాన్ని పలికించినట్టు, ఏ వేగానికి ఏ పొడవు సరిపోతుందో ఆ పొడవే ఇచ్చారు. తోయలేదు, దారి సరిచేశారు. మంచి ఉపాధ్యాయుడు చేసేదీ ఇంతే. నేను తరగతిలో నలభైమందికి ఇది చేశాననే అనుకుంటాను. ఇంట్లో ఒక్కడికి చేయలేదు.

వారం తరువాత ఒక తెల్లవారుజామున వాడు నన్ను లేపాడు. “రండి నాన్నగారూ, అలా తిరిగివద్దాం.” కారెక్కాక చెప్పాడు, సూపర్‌ఛార్జరు పెట్టించడం లేదని. మంట పుట్టించే కాయిళ్ళూ ప్లగ్గులూ కొత్తవి వేయిస్తాడట. నూనె చల్లార్చే ఏర్పాటు బాగుచేయిస్తాడట. అంతా కలిపి ఆ ఎనిమిది వేలలో పదవవంతు కాస్త దాటుతుంది. కోడలికి చెప్పాడట. “నువ్వెలా అంటే అలా” అందట. అమెరికాలో కూడా ఆ మాటకు అర్థం మన దగ్గరి అర్థమేనని తెలిసి సంతోషించాను.

“నా మాట విని మానేశావా?” అన్నాను. ఆ అనుమానం నన్ను వారమంతా పీడించింది. మళ్ళీ నేనే వాడి ఇష్టాన్ని అడ్డుకున్నానా అని.

“మీరు మానేయమనలేదుగా నాన్నగారూ. లెక్కలు వేశారు, అంతే. అప్పుడు కూడా...” అని ఆగిపోయాడు. మిగతాది చెప్పలేదు. నేను అడగలేదు.

రహదారి ఖాళీగా ఉంది. ఎక్కే మలుపులో రెండవ గేరులోనే ఉంచి కాలు పూర్తిగా మోపాడు. నాలుగు వేలు, అయిదు వేలు. ఏమీ జరగడం లేదనిపించింది. ఆరు దాటాక ఇంజను గొంతు మారింది. ఏడు, ఎనిమిది. మోత కాదు, ఒక్క సన్నని శ్రుతి తెగకుండా పైకి పోతున్నది. తొమ్మిది వేలు దగ్గర పడుతుండగా బండి ‘బీప్’ అని హెచ్చరించింది. గేరు మార్చాడు. నేను ఓరగా వాడి ముఖం చూశాను. పదవ తరగతిలో మెకానిక్కు కొట్టు ముందు నిలబడిన పిల్లవాడి ముఖం. మధ్యలో ఇరవై ఏళ్ళు నేను చూడలేదు దాన్ని.

ఆర్ఎక్స్-8 తయారీ 2012లోనే ఆగిపోయింది. 2023లో ఆ సంస్థవారు ఎంఎక్స్-30 అనే విద్యుత్తు కారులో ఒక్క త్రిభుజం ఉన్న కొత్త రోటరీని పెట్టారు. అది చక్రాలను తిప్పదు, విద్యుత్తును మాత్రం పుట్టిస్తుంది. పదవీ విరమణ చేసి ఇంట్లో మనుమలకు పాఠం చెప్పుకునే నావంటిదన్నమాట. దానికీ ఒక గౌరవం ఉంది.

అచ్చతెనుగు మాటల్లో మహాప్రాణాలు ఉండవని లక్షణకారుల మాట. అట్లాగని అచ్చతెనుగు బలహీనమైన భాషా? తల్లి, నీరు, ఊపిరి. ఈ మాటల్లో ఒక్క ఒత్తు లేదు.

సహజమా, అదనమా అని అడిగేవారికి నాకు తోచిన సమాధానం ఇంతే: ముందు ఆరు అంకెలూ కొలిపించండి. తరువాత ఏది చేసినా సరే.

2006లో ఆ బస్సులో నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. “దిగుదాం పద, ఇంటికి పోదాం” అన్నది. ఆ తెల్లవారుజామున కారులో కూడా చెప్పలేకపోయాను. ముఖాముఖి మాట్లాడడం మా ఇంట్లో తక్కువ. నేను ఇక్కడ వ్రాసేవన్నీ వాడు ఆఫీసులో మధ్యాహ్నం వేళ చదువుతాడని కోడలు చెప్పింది. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాను.

యంత్రశాస్త్రం తెలిసిన మిత్రులు తప్పులుంటే దిద్దగలరు. వ్యాకరణంలో తప్పులుంటే మాత్రం క్షమించవద్దు.

సెలవు.